చాలంటే గిన్నె తీసేసే ఊళ్ళో నాలుగు రోజులు

ముందు పోయినవి చెప్పేస్తాను. పల్నాడులో తిరిగిన నాలుగు రోజుల్లో ఒక గొడుగు పోయింది, నరసరావుపేట బస్టాండులో. మూడు గిన్నెల క్యారియరు పై మూత పోయింది, దాచేపల్లి దగ్గర బస్సు కిటికీలోంచి. రెండు డజన్ల పూతరేకులు పొడైపోయాయి. గురజాలలో ఒక పూట భోజనం పోయింది, అదీ నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. ఇవన్నీ కలిపినా వెయ్యి రూపాయలు దాటవు. అసలు పోయింది ఇంటి దగ్గర. అమలాపురంలో నేను నడిపే మెస్సులో కిందటి ఏడాది పద్నాలుగు వేల మూడు వందల యాభై రెండు రూపాయలు పోయాయి. ఎక్కడ పోయాయో తెలియకే ఈ ప్రయాణం కట్టాను.

మా పక్క వీధిలో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు ఉంది. రోజూ సాయంత్రం నలభై ఆరు మంది మా మెస్సుకు వచ్చి తిని వెళతారు, ఒక్క ఆదివారం తప్ప. ప్లేటుకి హాస్టలు యజమాని ఇచ్చేది డెబ్భై రూపాయలు. నా కూలీ, ఇద్దరు వంటమనుషుల కూలీ కలుపుకుని నాకు పడేది డెబ్భై ఒకటి. ఒక్క రూపాయే కదా అని ఏడాది నెట్టుకొచ్చాను. ఇంతలో యజమాని వచ్చి, ఇంకెవరో అరవైకే పెడతామంటున్నారని చెప్పాడు. "ఒకటో తారీఖుకల్లా మీ మాట చెప్పండి సత్యవతి గారూ. అరవైకి కుదిరితే మీరే, లేదంటే వాళ్ళు" అన్నాడు. ఆ నలభై ఆరు భోజనాలు పోతే మెస్సు మూసుకోవడమే. నాతో పాటు ఇద్దరు ఆడవాళ్ళ బతుకుతెరువు కూడా మూతపడుతుంది.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. లెక్కలు నేర్చుకున్నది మా నాన్న కొబ్బరికాయల రాశుల దగ్గర. కాగితం అక్కర్లేదు, కళ్ళు మూసుకుంటే అంకెలు కనిపిస్తాయి. కానీ డెబ్భై ఒకటిని అరవై చెయ్యడం ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా కనిపించలేదు.

హాస్టల్లో శిరీష అని గురజాల పిల్ల ఉంది, ఆసుపత్రి ల్యాబులో పని. మా మెస్సులో ఏం వండినా ఒకటే మాట: "ఈ సరుకుతో మా అమ్మయితే ఊరంతటికీ పెడతది ఆంటీ." రోజూ వినీ వినీ ఒకనాడు విసుక్కుని, "అయితే మీ అమ్మ ఫోన్ నంబరు ఇవ్వవే" అన్నాను. వాళ్ళమ్మ పేరు కోటమ్మ. ఫోన్లో నేను చెప్పిందంతా విని ఆవిడ అన్నది ఒక్క ముక్క: "ఫోన్లో ఏం తెలుస్తది వదినా, వచ్చి తిని చూడు." మొహం కూడా చూడకుండా వదినని చేసేసింది! మర్నాడే టిక్కెట్టు తీశాను.

నరసరావుపేట

దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మా వైపు ఎండ చెట్ల మీద పడి ఆ తర్వాత మన మీద పడుతుంది. ఇక్కడ నేరుగా నెత్తిమీదే. గొడుగు కోసం చూసుకుంటే లేదు. భోజనం హోటళ్ళలో ధర కనుక్కుంటే నూట ఇరవై అన్నారు. ఆ ధరకి తినడానికి నాకు చెయ్యాడలేదు. నడుచుకుంటూ కోర్టు దాకా వెళ్ళాను.

అక్కడ చూసిందే నా మొదటి సంబరం. వాయిదాలకి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు వరండా నీడన వరసగా కూర్చుని బాక్సులు విప్పుతున్నారు. బాక్సులో అన్నం మాత్రమే ఇంటిది. రోడ్డవతల కూరలమ్మే కొట్టు ఉంది: పప్పు ముప్ఫై, వేపుడు నలభై. ఇద్దరు కలిసి ఒక పప్పు పొట్లం తెచ్చుకుంటారు, మనిషికి పదిహేను రూపాయలు. పచ్చడి, మజ్జిగ ఇంటి నుంచి వస్తాయి. నూట ఇరవై రూపాయల భోజనం అంతా కలిపి ముప్ఫైలో తేలిపోతోంది! నేను నిలబడి లెక్కగడుతుంటే తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన తలెత్తాడు.

"ఏవూరమ్మా?"

"అమలాపురం అండి."

"కోనసీమా! చల్లగా కూసోక ఈ ఎండలోకి ఎందుకొచ్చినట్టు? కేసా?"

"కేసు కాదండి. మీ వైపు భోజనాలు ఎలా ఉంటాయో చూద్దామని."

ఆయన పక్కనున్న మనిషిని మోచేత్తో పొడిచాడు. "ఒరేయ్ వెంకటేశ్వర్లూ, ఇన్నావంట్రా? ఈమె మనం తినేది చూట్టానికి బస్సెక్కి వచ్చిందంట. మన ఇంట్లో మనం తినేది ఎవురూ చూడరు, తింటే చాలనుకుంటారు."

"చూట్టం కాదు, ఒక ముద్ద పెట్టు మామా, తెలుస్తది" అన్నాడు వెంకటేశ్వర్లు.

బాక్సు మూతలో కాస్త అన్నం, దాని మీద ఎర్రగా పండుమిరపకాయ పచ్చడి వేసి ఇచ్చాడు పెద్దాయన. మొదటి ముద్దకే చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. నీళ్ళ సీసా కోసం తడుముకుంటే, "నీళ్ళు తాగమాక, ఇంకా మండుద్ది. ఇంకో ముద్ద తిను, అదే సర్దుకుంటది" అన్నాడు. నిజంగానే సర్దుకుంది. మూడో ముద్దకి ఇంకొంచెం పెట్టమని నేనే చెయ్యి చాపాను. కూర లేని అన్నం ఇంత రుచిగా తిని ఎన్నేళ్ళయిందో!

ఆ రాత్రి ఊళ్ళోనే తెలిసినవాళ్ళింట్లో పడుకుని, తెల్లారి గురజాల బస్సు ఎక్కాను.

నకరికల్లు దాటాక

బస్సు టైరు పంచరైంది. రెండు వైపులా మిరప చేలు, పొలాల మధ్య కళ్ళాల్లో ఎండబోసిన కాయలు. ఎర్ర తివాచీలు పరిచినట్టు ఉన్నాయి. గాలి వీస్తే చాలు, బస్సులో సగం మంది తుమ్ములు. కండక్టరు గంట పడుతుందనేసరికి అందరం దిగి చేను గట్టున ఉన్న చింతచెట్టు నీడకి చేరాం. అప్పటికే అక్కడ కాయ కోసే ఆడవాళ్ళు అన్నాలకి కూర్చున్నారు.

వాళ్ళు తినే పద్ధతి చూసి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఒక్కొక్కరు ఇంటి నుంచి అన్నంతో పాటు ఒక్క కూరే తెస్తారు. ఆ కూర బాక్సు మూతలో పోసి మధ్యలో పెడతారు. ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుంటారు. గోంగూర, చిక్కుడుకాయ, ఎండుచేపల పులుసు, దోసకాయ పప్పు, కోడిగుడ్ల కూర. వండింది ఒకటి, తిన్నది అయిదు! అన్నీ అయ్యాక మూతలు చూశాను. నాకితే మెరిసినట్టు ఉన్నాయి. ఒక్క మెతుకు లేదు.

"ఏమీ మిగల్చరా అమ్మా?" అని అడిగాను.

నాగమ్మ అనే ఆవిడ నవ్వింది. "మిగిలిస్తే ఎవురు మోస్తారక్కా? సాయంత్రం నెత్తిన కాయల మూటే ఉంటది, అన్నం మూట కూడానా?"

"మరి ఎవరికైనా చాలకపోతే?"

"చాలకపోతే నోరు లేదా? తెమ్మంటది. ఏమే సీతా, నీకు చాలిందా?"

"చాల్లేదు, నీ కోడిగుడ్డు ఇటియ్యి" అంది సీత. ఇచ్చేసింది నాగమ్మ. అంతే. బతిమాలడం లేదు, మొహమాటం లేదు. అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. దాని విలువ సాయంత్రానికి గానీ తెలియలేదు.

గురజాల, మొదటి సాయంత్రం

కోటమ్మకి నా వయసే ఉంటుంది. మూడెకరాల మిరప, రెండు గేదెలు, ముక్కుసూటి నోరు. ఇంట్లో ఆవిడ భర్త, అత్తగారు. నాపరాళ్ళ అరుగు మీద కాళ్ళు కడిగించి, నేను తెచ్చిన పూతరేకుల డబ్బా లోపల పెట్టి, పొద్దుగూకకముందే పళ్ళాలు వేసింది. ఆ ఇంట్లో దీపాలు పెట్టే వేళకి భోజనాలు అయిపోవాలి.

గోంగూర పప్పు, దోసకాయ ముక్కల పచ్చడి, పచ్చిపులుసు, మజ్జిగ. పొయ్యి మీద ఉడికింది అన్నం, పప్పు మాత్రమే. పచ్చడిలో దోసకాయ పచ్చిదే, మిరపకాయలు మాత్రం వేయించి రోట్లో దంచింది. పచ్చిపులుసంటే చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన మిరపకాయ, కాస్త బెల్లం. గ్యాసుతో పనే లేదు! నేను లోలోపల ఎగిరి గంతేసి, మా కోనసీమ మర్యాద ప్రకారం మొదట కొంచెమే పెట్టించుకున్నాను.

"ఇంకాస్త ఏసుకుంటావా వదినా?" అంది కోటమ్మ గరిటె పట్టుకుని.

"అబ్బే, చాలండి" అన్నాను.

"సరే" అంది. గిన్నె తీసేసింది. మిగిలిన పప్పు అత్తగారి పళ్ళెంలో వేసి, గిన్నెలో నీళ్ళు పోసింది.

నేను కొయ్యబారిపోయాను. మా వైపు ఆ మొదటి 'చాలు'కి అర్థం లేదు. అది ఊరికే అనే మాట. వడ్డించేవాళ్ళు "అయ్యో, ఏం తిన్నారండీ" అంటారు. మనం చెయ్యి అడ్డం పెడతాం. వాళ్ళు వేళ్ళ సందుల్లోంచి వేస్తారు. మూడోసారికి గాని ఎవరూ నిజం చెప్పరు. అందుకే మొదట కొంచెం పెట్టించుకుంటాం. ఇక్కడ రెండోసారే లేదు. చెయ్యి కడుక్కుని రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి పడుకున్నాను. పొట్టలో మిరప చేనుకి నిప్పంటుకున్నట్టుంది.

తెల్లవారుతుండగా ఇక ఆగలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి నా పూతరేకుల డబ్బా తెరిచాను. బస్సు కుదుపులకి అన్నీ పొడి పొడి. ఆ పొడే దోసిలితో నోట్లో పోసుకుంటుంటే వెనక గేదెల మేత తట్టతో కోటమ్మ.

"ఏందొదినా! మాకని తెచ్చినయి నువ్వే తింటన్నావా?"

మూతి నిండా పంచదార. అబద్ధం ఆడే వీలు లేదు. "రాత్రి కడుపు నిండలేదండి."

"నిండకపోతే చాలని ఎందుకన్నావు?"

"ఇంకోసారి అడుగుతారని."

కోటమ్మ తట్ట కింద పెట్టేసింది. "నోరు నీదే, పొట్టా నీదే. మధ్యలో నేను ఏం తెలుసుకునేది? నువ్వు చాలంటే చాలనుకున్నా. అబద్ధం చెప్తావని నాకేం తెలుసు?" అని నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకి అత్తగారు లేచి వచ్చింది. సంగతి విని ఆవిడా కూర్చుని, పొడి రెండు చిటికెలు నోట్లో వేసుకుంది.

"మీ దేశంలో ఒక మనిషికి అన్నం పెట్టాలంటే ఇంత కుస్తీ పట్టాల్నా?" అని అడిగింది. నేను తలూపాను.

"మరి కుస్తీలో ఎంత కింద పడిపోద్ది?"

అడిగిన ముసలావిడ పొడి నములుతూ కూర్చుంది. నేను మాత్రం కదలలేకపోయాను. మా మెస్సులో వడ్డించేది నేనే. నలభై ఆరు మంది ఆడపిల్లల్ని వరసలో కూర్చోబెట్టి, చాలన్నా వినకుండా, అమ్మలాగా చూసుకుంటున్నానని మురిసిపోతూ బలవంతంగా వేస్తాను. బియ్యం లెక్క, నూనె లెక్క, గ్యాసు లెక్క చూశాను గాని, చెయ్యి కడుక్కునే చోట ఉన్న ఎంగిలి బకెట్టు లెక్క ఎన్నడూ చూడలేదు!

వెంటనే ఫోన్ తీసి అమలాపురంలో నా వంటమనిషి లక్ష్మికి చేశాను.

"లక్ష్మీ, ఈ సాయంత్రం భోజనాలయ్యాక ఎంగిలి బకెట్టు తూకం వెయ్యి."

"ఎంగిలి బకెట్టా అండీ?" లక్ష్మి గొంతు తగ్గించింది. "అక్కడ ఎండ ఎక్కువగా ఉందా అమ్మా?"

"వెయ్యవే తల్లీ. బకెట్టు బరువు తీసేసి చెప్పు."

గురజాల, మర్నాడు

ఆ రోజంతా కోటమ్మ వెనకే తిరిగాను. ఇక మొహమాటం పెట్టుకోలేదు. మధ్యాహ్నం నాలుగుసార్లు అడిగి పెట్టించుకున్నాను. "అద్దీ! ఇప్పుడు మనిషివైనావు" అంది.

ఆ ఇంట్లో రెండో కూర వండరు. కూర ఒకటి, రోటి పచ్చడి ఒకటి. బీరకాయ కూరైతే తొక్కుతో పచ్చడి. కొట్టులో టమాటా కేజీ పదిహేనుకి వచ్చిన రోజు టమాటా పచ్చడి. గేదెలకి ఉలవలు ఉడకబెడితే గుగ్గిళ్ళు గేదెలకి, ఆ నీళ్ళు చిక్కగా కాచిన చారు మనుషులకి. మేము చారు అనేది దీని పక్కన పెడితే రంగు నీళ్ళు. నేను ఒక గ్లాసు తాగి, ఇంకో గ్లాసు కావాలని నోరు తెరిచి అడిగాను.

రాత్రి ఎనిమిది దాటాక లక్ష్మి ఫోన్. "ఆరు కేజీల రెండొందల గ్రాములండి. మీలాగే చాలన్నా వినకుండా వేశాను. రోజూ ఇంతే ఉంటుంది. పక్క వీధి సుబ్బారావు గారి గేదె తింటుంది కదండీ."

కళ్ళు మూసుకున్నాను. అన్నం, కూర, పప్పు, పెరుగు, వాటి మీద పెట్టిన గ్యాసు, అన్నీ కలిపితే ప్లేటుకి ఆరున్నర రూపాయలు. రోజుకి రెండు వందల తొంభై తొమ్మిది. సుబ్బారావు గారి గేదె నెలకి ఏడు వేల ఏడు వందల డెబ్భై నాలుగు రూపాయల భోజనం చేస్తోంది, అదీ నా మెస్సులో, ఉచితంగా!

"దొరికింది వదినా, దొరికింది!" అని అరుగు మీద గెంతాను. కోటమ్మ భర్త లోపలి నుంచి "ఏంది, పామా?" అని కర్రతో వచ్చాడు.

నాకు దిగవలసింది పదకొండు రూపాయలు. గేదె దగ్గర ఆరున్నర దొరికాయి. రెండో కూర తీసి రోటి పచ్చడి పెడితే మూడున్నర. చారు బదులు పచ్చిపులుసు పెడితే గ్యాసులో ఒక రూపాయి. సరిగ్గా పదకొండు. డెబ్భై ఒకటి అరవైకి దిగింది.

మాచర్ల

కొత్త చింతపండు వచ్చే రోజులు కాబట్టి కోటమ్మ నన్ను మాచర్ల తీసుకెళ్ళింది. కొట్టు షావుకారు కేజీ నూట నలభై అన్నాడు.

"నూట నలభైకి గింజలు కూడా బంగారానియ్యా శెట్టిగారూ?" అంది కోటమ్మ. "ఈమె కోనసీమ నుంచి నీ కొట్టు చూసుకుంటా వచ్చింది. పరువు తియ్యమాక."

"కోనసీమ నుంచి చింతపండుకొచ్చారా!" షావుకారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "పది కేజీలైతే నూట ఇరవై."

"పదిహేను తీసుకుంటది. నూట పది."

పక్కనే కృష్ణ అవతలి నుంచి వచ్చిన ఒకావిడ, "నాకు గూడ గదే ధర ఇయ్యాలె" అని సంచీ ముందుకు చాపింది. షావుకారు నెత్తి కొట్టుకుని ఇద్దరికీ తూచాడు. కేజీకి ముప్ఫై తగ్గింది. మా ఊళ్ళో నేనయితే, నూట నలభై అనగానే "అలాగేనండి" అని సంచీ పట్టేదాన్ని.

అక్కడి నుంచే తిరుగు బస్సు. దాచేపల్లి దగ్గర సిమెంటు లారీల దుమ్ము లోపలికి కొడుతుంటే కిటికీ మూయబోయి ఒళ్ళో ఉన్న క్యారియరు మూత జారవిడిచాను. అది రోడ్డు మీద దొర్లుతూ ఒక లారీ కిందకి వెళ్ళిపోయింది. బస్సంతా అయ్యో అంది. నేను మాత్రం నవ్వుతున్నాను.

అమలాపురం

ఒకటో తారీఖుకి ముందురోజే యజమానికి సరేనన్నాను. బల్ల మీద గిన్నెలు పెట్టి పిల్లలకి చెప్పాను: "ఎంత కావాలో అంత వేసుకోండమ్మా. ఎన్నిసార్లయినా రండి. పళ్ళెంలో మాత్రం వదలొద్దు." శిరీష రోటి పచ్చడి నోట్లో పెట్టుకుని, "మా అమ్మ చెయ్యి వచ్చేసింది ఆంటీ" అంది. ఆ రాత్రి బకెట్టు తూకం ఎనిమిది వందల గ్రాములు! సుబ్బారావు గారి గేదె మా గుమ్మంలో నిలబడి అరిచింది.

నాలుగో రోజున దుర్గ కనిపించింది. రాజోలు వైపు పిల్ల, బట్టల కొట్టులో పొద్దుట్నుంచీ నిలబడే పని. రెండు గరిటెలు అన్నం వేసుకుని తిని, లేచి, చెయ్యి కడుక్కోబోతూ పప్పు గిన్నె వైపు చూసింది.

"ఇంకాస్త వేసుకోమ్మా."

"చాలండి."

ఆ 'చాలండి' నాకు తెలుసు. గురజాలలో అదే మాట అని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి పడుకున్నాను. గరిటె తీసి, చెయ్యి అడ్డం పెడుతున్నా వేళ్ళ సందుల్లోంచి వేశాను. మొత్తం తిన్నది. ఒక్క మెతుకు వదల్లేదు. మర్నాటి నుంచి కళ్ళు పెట్టి చూస్తే అలాంటివాళ్ళు తొమ్మిదిమంది తేలారు, అందరూ మా వైపు పిల్లలే.

ఆ తొమ్మిదిమందికి మారు వడ్డించడం వల్ల ప్లేటు సగటున అరవై రూపాయల యాభై పైసలు పడుతోంది. యజమాని అరవై మీద పైసా పెంచడు. ఫోన్లో చెబితే కోటమ్మ నవ్వింది.

"ఇంకా కుస్తీ మానలేదా వదినా?"

"తొమ్మిదిమందితోనేనండి. మిగిలినవాళ్ళకి నోరుంది."

"ఆ అర్ధరూపాయి ఎవురిస్తారు మరి?"

"ప్రస్తుతానికి కిరాణా కొట్టాయన ఇస్తున్నాడండి."

ఇదివరకు నెలకి పోయేదానిలో ఇది సరిగ్గా సగం. మెస్సు నడుస్తోంది, లక్ష్మి వాళ్ళిద్దరి కూలీ నడుస్తోంది, దుర్గ చెంపలు కాస్త పూడాయి. ఇంకో అర్ధరూపాయి ఎక్కడ దొరుకుతుందా అని పచ్చడిలో, పులుసులో వెతుకుతున్నాను గాని, ఆ తొమ్మిది పళ్ళాల్లో మాత్రం వెతకను. మూడు నెలలైంది. కిరాణా కొట్టులో ఈ రోజుకి నా బాకీ పదిహేడు వందల తొంభై నాలుగు రూపాయలు.